సెంటర్‌ఫీల్డ్ (ఆల్బమ్)

సెంటర్‌ఫీల్డ్ అమెరికాకు చెందిన రాక్ గాయకుడు, గీత రచయిత జాన్ ఫోగర్టీ పాటల ఆల్బమ్. దీనిని వార్నర్ బ్రదర్స్ రికార్డ్స్ సంస్థ 1985 జనవరిలో విడుదల చేసింది. ఇందులో తొమ్మిది పాటలున్నాయి. పాటల రచన, స్వరకల్పన, గానం, అన్ని వాద్యాల వాదనం ఫోగర్టీ ఒక్కడే నిర్వహించాడు. ఇతని అంతకుముందు ఆల్బమ్ 1975లో వెలువడింది. అంటే ఈ రెంటికీ మధ్య పదేళ్ళకు దగ్గరగా విరామం వచ్చింది. 1969లో ఒకే ఏడాది మూడు ఆల్బమ్‌లు వెలువరించిన కళాకారుడు అంతకాలం మౌనంగా ఉండిపోవడానికి ముఖ్య కారణం ఫాంటసీ రికార్డ్స్ అనే సంస్థతో ఇతనికి ఏర్పడిన ఒప్పంద వివాదం. ఆ వివాదం ఆల్బమ్ విడుదలతో ముగియలేదు. ఆల్బమ్ లోని రెండు పాటలపై వ్యాజ్యాలు నడిచాయి. వాటిలో ఒకటి అమెరికా సుప్రీం కోర్టు వరకూ వెళ్ళి, కాపీరైట్ చట్టంలో నేటికీ ఉదహరించే తీర్పుకు దారితీసింది.

నేపథ్యం

జాన్ కామెరాన్ ఫోగర్టీ 1945 మే 28న కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీలో జన్మించాడు. సమీపంలోని ఎల్ సెరిటో పట్టణంలో పెరిగాడు. అన్న టామ్ ఫోగర్టీ, పాఠశాల మిత్రులు స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్‌లతో కలిసి వాద్యబృందంగా ఏర్పడి 1964లో ఫాంటసీ సంస్థలో చేరాడు. అప్పటికి అది శాన్‌ఫ్రాన్సిస్కోలో జాజ్ రికార్డులు వేసే చిన్న సంస్థ. బృందానికి "గాలివాగ్స్" అనే పేరును ఆ సంస్థే నిర్ణయించింది. ఆ పేరు బృందంలో ఎవరికీ నచ్చలేదు. 1967లో ఆ సంస్థలో అమ్మకాల ఉద్యోగిగా ఉన్న సాల్ జేంజ్ మరికొందరు భాగస్వాములతో కలిసి దానిని కొనుగోలు చేశాడు. బృందం కూడా తన పేరును "క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్"గా మార్చుకొని కొత్త ఒప్పందంపై సంతకం చేసింది.

1968 నుండి 1972 వరకూ ఈ బృందం ఏడు స్టూడియో ఆల్బమ్‌లు విడుదల చేసింది. "ప్రౌడ్ మేరీ", "బ్యాడ్ మూన్ రైజింగ్", "ఫార్చునేట్ సన్" వంటి పాటలు ప్రపంచమంతటా వినిపించాయి. దక్షిణాది బురదనేలల గురించి, మిసిసిపీ నదిలో తిరిగే ఆవిరి పడవల గురించి అంత నమ్మకంగా పాడిన ఫోగర్టీ నిజానికి పసిఫిక్ తీరవాసి. గోదావరిని చూడకుండానే పాపికొండల లాంచీ ప్రయాణంపై పాట కట్టి, ఆ పాటను గోదావరి వాసులచేతే పాడించినట్లన్నమాట. బృందం పాటలలో అధికభాగం రచన, స్వరకల్పన, గానం, నిర్మాణం ఇతనివే. ఈ ఆధిపత్యం మిగిలినవారికి రుచించలేదు. 1971లో టామ్ బృందాన్ని వీడాడు. 1972 అక్టోబరులో బృందం రద్దయింది.

ఒప్పందంలోని చిక్కు

పాట రికార్డుగా వెలువడినపుడు రెండు రకాల హక్కులు ఏర్పడతాయి. మొదటిది పాటకు, అంటే మాటలకు, బాణీకి సంబంధించిన హక్కు. దీనిని పబ్లిషింగ్ హక్కు అంటారు. రెండవది స్టూడియోలో ముద్రించిన శబ్దానికి, అంటే మాస్టర్ రికార్డుకు సంబంధించిన హక్కు. క్రీడెన్స్ పాటల విషయంలో ఈ రెండూ ఫాంటసీ సంస్థ చేతిలోనే ఉన్నాయి. రికార్డుల అమ్మకంపై వచ్చే రాయల్టీ మాత్రమే కళాకారులకు దక్కేది. యువకులుగా ఉన్నపుడు చేసిన సంతకాలకు ఫలితమిది.

దీనికితోడు, ఏటా ఇన్ని పాటలు రికార్డు చేసి ఇవ్వాలనే షరతు కూడా ఒప్పందంలో ఉంది. ఇవ్వని పాటలు బాకీగా మిగిలిపోతాయి. పైగా అదనంగా మరికొన్ని కోరే అధికారం సంస్థకు ఉంది. బృందం రద్దయిన తరువాత మిగిలిన సభ్యులు ఈ బాధ్యత నుండి బయటపడ్డారు. ఫోగర్టీ మాత్రం ఇంకా అనేక ఆల్బమ్‌లకు బాకీపడి ఉన్నాడు. తాను పాడే ప్రతి కొత్త పాటా తనకు ఇష్టంలేని సంస్థకే చేరుతుందన్న ఆలోచన ఇతనిని కుంగదీసింది. సంస్థ వైపునుండి చూస్తే, అది సంతకమైన ఒప్పందాన్ని అమలు చేయమని అడుగుతున్నది. చట్టం దృష్టిలో అందులో తప్పేమీ లేదు. చిక్కు ఇక్కడే ఉంది.

డబ్బు విషయంలోనూ నష్టం జరిగింది. పన్ను తగ్గించుకొనే పథకంలో భాగంగా బృందం ఆదాయం కొంత బహమా దీవులలోని కాసిల్ బ్యాంకుకు చేరింది. 1977లో ఆ బ్యాంకు మూతపడడంతో సభ్యుల పొదుపు సొమ్ము గల్లంతయింది.

ఒంటరి ప్రయత్నాలు

1973లో ఫోగర్టీ "ది బ్లూ రిడ్జ్ రేంజర్స్" పేరుతో ఫాంటసీ ద్వారా ఒక ఆల్బమ్ వెలువరించాడు. పేరును బట్టి బృందమనిపిస్తుంది గాని వాద్యాలన్నీ ఇతడే వాయించాడు. అందులోనివన్నీ పాత కంట్రీ, గాస్పెల్ గీతాలే. స్వంత పాటలు వేటినీ చేర్చలేదు. ముఖచిత్రంపై ఇతని పేరు ప్రముఖంగా కనిపించదు కూడా.

ఆ తరువాత ఫాంటసీకి రికార్డు చేయడానికి నిరాకరించాడు. అప్పుడు అసైలమ్ రికార్డ్స్ అధిపతి డేవిడ్ గెఫెన్ పది లక్షల డాలర్లు చెల్లించి ఉత్తర అమెరికాలో ఫోగర్టీ రికార్డుల హక్కులను పొందాడు. ఇతర దేశాల హక్కులు ఫాంటసీ వద్దనే ఉండిపోయాయి. 1975లో వచ్చిన "జాన్ ఫోగర్టీ" ఆల్బమ్ ఈ ఏర్పాటు ఫలితమే. ఇందులోని "రాకిన్ ఆల్ ఓవర్ ద వరల్డ్" పాటను రెండేళ్ళ తరువాత బ్రిటన్‌కు చెందిన స్టేటస్ కో బృందం పాడి పెద్ద విజయం సాధించింది. ఆల్బమ్ మాత్రం ఆశించినంత అమ్ముడుపోలేదు.

విడుదల కాని ఆల్బమ్

1976లో "హూడూ" అనే మరో ఆల్బమ్ సిద్ధమయింది. ముందుగా ఒక సింగిల్ విడుదలయింది గాని అది ఆదరణ పొందలేదు. ఆల్బమ్ విడుదలకు ఇంకా కొద్ది వారాలే ఉన్న సమయంలో అసైలమ్ సంస్థ అధిపతి జో స్మిత్, ఇవి ఫోగర్టీ స్థాయికి తగిన పాటలు కావని ఇతనికి చెప్పి విడుదలను నిలిపివేశాడు. ఆ అభిప్రాయం సరైనదేనని ఫోగర్టీ తరువాతికాలంలో ఒప్పుకున్నాడు. అసలు టేపులను ధ్వంసం చేయమని కూడా కోరాడు. అయినప్పటికీ దొంగ ప్రతులు అభిమానుల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. దీనినిబట్టి, ఈ పదేళ్ళ జాప్యానికి ఒప్పందాన్ని మాత్రమే కారణంగా చూపడం సరికాదనిపిస్తుంది. పాట రాయగల శక్తే ఆ రోజులలో ఇతనికి దూరమయింది.

తరువాతి సంవత్సరాలలో ఫోగర్టీ ఇంటివద్దనే ఉండి గిటారు, డ్రమ్స్, శాక్సఫోన్ వంటి వాద్యాలను ప్రతిరోజూ సాధన చేశాడు. బహిరంగ కచేరీలు దాదాపు మానేశాడు. ఫాంటసీ ఒప్పందం నుండి పూర్తిగా విముక్తి పొందడానికి చివరకు క్రీడెన్స్ రికార్డులపై తనకు రావలసిన రాయల్టీని వదులుకున్నాడు. రేడియోలో తన కంఠం మోగుతున్నా ఆ అమ్మకాల నుండి గాయకునిగా తనకు పైసా రాని స్థితి ఇది.

ఆల్బమ్ విశేషాలు

సెంటర్‌ఫీల్డ్ పాటలను 1984లో కాలిఫోర్నియాలోని సాసలిటో పట్టణంలో ఉన్న ద ప్లాంట్ స్టూడియోలో రికార్డు చేశారు. శీర్షిక గీతం బేస్‌బాల్ ఆటకు సంబంధించినది. ఆ ఆటలో మైదానం వెనుక భాగాన, నట్టనడుమ నిలబడే ఆటగాని స్థానాన్ని సెంటర్‌ఫీల్డ్ అంటారు. బెంచీపై కూర్చొని ఉన్న ఆటగాడు తనకు అవకాశమివ్వమని శిక్షకుణ్ణి అడగడం ఈ పాట సారాంశం. పదేళ్ళు పక్కన కూర్చున్న గాయకుడు దానిని రాశాడని గుర్తుంచుకుంటే పాటకు మరో అర్థం స్ఫురిస్తుంది. ఈ పాట తరువాత అమెరికా బేస్‌బాల్ మైదానాలలో నిత్యం వినిపించే గీతమయింది. 2010లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ దీనిని గౌరవించింది.

"ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్" పాట బిల్‌బోర్డ్ పట్టికలో పదవ స్థానం వరకూ వెళ్ళింది. ఆల్బమ్ 1985 మార్చిలో బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో ప్రథమ స్థానం పొందింది. అమెరికాలో ఇరవై లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది.

ఆల్బమ్‌లో రెండు పాటలు మాత్రం పాత కక్షను సూటిగా బయటపెడతాయి. ఒకటి "మిస్టర్ గ్రీడ్". రెండవది "జాంజ్ కాంట్ డాన్స్". ఈ రెండవ పాటలో నాట్యం రాని పంది ఒకటి జనం జేబులు కొడుతుంది. పంది పేరు సాల్ జేంజ్ ఇంటిపేరును తలపించడంతో అతడు పరువునష్టం దావా వేశాడు. పద్నాలుగు కోట్ల డాలర్లకు మించిన పరిహారం కోరినట్లు పత్రికలు రాశాయి. దానితో పాట పేరును "వాంజ్ కాంట్ డాన్స్"గా మార్చి, ఆ భాగాన్ని తిరిగి పాడి, తరువాతి ప్రతులలో చేర్చారు. మొదటి ముద్రణ ప్రతులు సేకర్తలకు విలువైనవయ్యాయి. పరువునష్టం దావా రాజీతో ముగిసింది.

తననే అనుకరించాడన్న ఆరోపణ

మరో దావా మరింత విచిత్రమైనది. "ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్" పాట 1970 నాటి క్రీడెన్స్ పాట "రన్ త్రూ ద జంగిల్"కు నకలని ఫాంటసీ సంస్థ ఆరోపించింది. రెండింటినీ రాసినవాడు ఫోగర్టీయే. అయితే పాత పాట హక్కుదారు ఫాంటసీ. కాబట్టి ఒక రచయిత తన పాటనే తాను కాపీ కొట్టాడా అన్న ప్రశ్న న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఇది వినడానికి హాస్యంగా ఉన్నా చట్టరీత్యా సాధ్యమే. హక్కు అమ్ముకున్నవానికి, తన పాటే అయినా, అది పరాయి సొత్తే అవుతుంది.

1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ జరిగింది. ఫోగర్టీ గిటారుతో సాక్షి బోనులో కూర్చొని రెండు పాటలనూ వాయించి చూపాడు. తన శైలి వేరు, పాట వేరు అని జ్యూరీకి వివరించాడు. ఒక కళాకారుని చేతి తీరు అతని పాటలన్నిటిలోనూ కనిపిస్తుంది, దానిని నకలుగా భావించరాదన్నది ఇతని వాదన. జ్యూరీ ఇతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది.

అంతటితో ఆగక, పది లక్షల డాలర్లు దాటిన తన న్యాయవాదుల ఖర్చును ఫాంటసీ చెల్లించాలని ఫోగర్టీ కోరాడు. కాపీరైట్ కేసులో వాది గెలిస్తే సాధారణంగా ఖర్చు లభించేది. ప్రతివాది గెలిస్తే మాత్రం, ఎదుటివారు దురుద్దేశంతోనో, ఆధారం లేకుండానో కేసు వేశారని నిరూపించవలసి వచ్చేది. ఈ కారణంతోనే జిల్లా కోర్టు, అప్పీలు కోర్టు అభ్యర్థనను తిరస్కరించాయి. సుప్రీం కోర్టు 1994 మార్చి 1న "ఫోగర్టీ వర్సెస్ ఫాంటసీ" కేసులో ఆ భేదాన్ని కొట్టివేసింది. గెలిచినవారు వాది అయినా ప్రతివాది అయినా ఒకే కొలమానం వర్తించాలని, ఖర్చు ఇప్పించడం న్యాయమూర్తి విచక్షణకు వదిలివేయాలని ప్రధాన న్యాయమూర్తి విలియం రెన్‌క్విస్ట్ తీర్పు రాశాడు. తిరిగి విచారణ జరిపిన జిల్లా కోర్టు 13,47,519 డాలర్లు మంజూరు చేసింది. 1996లో అప్పీలు కోర్టు దానిని ఖరారు చేసింది.

పాత పాటలకు దూరం

ఈ కాలమంతటా ఫోగర్టీ తన క్రీడెన్స్ పాటలను వేదికపై పాడడానికి నిరాకరించాడు. పాడితే లాభం ఫాంటసీకి చేరుతుందన్న పట్టుదల అందుకు కారణం. 1987లో లాస్ ఏంజిల్స్‌లోని ఒక క్లబ్బులో బాబ్ డిలాన్, జార్జ్ హారిసన్ వంటివారితో కలిసి వేదికనెక్కినపుడు, నువ్వు పాడకపోతే "ప్రౌడ్ మేరీ" టీనా టర్నర్ పాటేనని లోకం అనుకుంటుందని డిలాన్ హెచ్చరించినట్లు ఫోగర్టీ చెప్పుకున్నాడు. టర్నర్ పాడిన రూపం 1971లోనే ప్రజాదరణ పొందింది. ఆ సంవత్సరమే జూలై 4న వాషింగ్టన్ సమీపంలో వియత్నాం యుద్ధ సైనికుల సహాయార్థం జరిగిన కచేరీలో ఇతడు పాత పాటలను తిరిగి పాడాడు.

పాట ఎవరిదన్న ఈ ప్రశ్న తెలుగువారికీ కొత్తది కాదు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి, అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని ఇళయరాజా నోటీసు పంపించాడు. బాలసుబ్రహ్మణ్యం ఆ పర్యటనలో మిగిలిన కచేరీలను ఆ పాటలు లేకుండానే నిర్వహించాడు. తరువాత ఇద్దరూ మళ్ళీ ఒకే వేదికపై కలిశారు. అక్కడ హక్కు కోరినవాడు స్వరకర్త. ఫోగర్టీ విషయంలో స్వరకర్తే హక్కు లేనివాడు. సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకొనేలా ఒప్పందం రాయించుకోవడాన్ని భారతదేశంలో 2012 నాటి కాపీరైట్ సవరణ చట్టం నిషేధించింది.

తరువాతి పరిణామాలు

"ఐ ఆఫ్ ద జాంబీ" (1986) తరువాత ఫోగర్టీ మళ్ళీ పదకొండేళ్ళు ఆల్బమ్ వెలువరించలేదు. 1997లో వచ్చిన "బ్లూ మూన్ స్వాంప్" ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం పొందింది. టామ్ ఫోగర్టీ 1990లో మరణించాడు. అన్నదమ్ముల మధ్య పూర్తి సయోధ్య కుదరనేలేదు. వ్యాపార విషయాలలో టామ్ సంస్థ పక్షం వహించడం ఇందుకొక కారణం. 1993లో బృందాన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన సభలో జాన్, పాత సహచరులైన కుక్, క్లిఫర్డ్‌లతో కలిసి వాయించడానికి అంగీకరించలేదు.

2004లో కాంకర్డ్ సంస్థ ఫాంటసీని కొనుగోలు చేసి, ఫోగర్టీకి కళాకారుని రాయల్టీని పునరుద్ధరించింది. ఇతడు తిరిగి అదే ముద్రపై 2007లో "రివైవల్" ఆల్బమ్ విడుదల చేశాడు. "వన్ ఫ్లూ ఓవర్ ద కుక్కూస్ నెస్ట్", "అమాడియస్", "ది ఇంగ్లీష్ పేషంట్" చిత్రాలకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న నిర్మాతగా కూడా ప్రసిద్ధుడైన సాల్ జేంజ్ 2014 జనవరి 3న మరణించాడు. 2023 జనవరిలో ఫోగర్టీ తన క్రీడెన్స్ పాటల పబ్లిషింగ్ హక్కులలో అధిక వాటాను కాంకర్డ్ నుండి కొనుగోలు చేశాడు. మాస్టర్ రికార్డులు మాత్రం కాంకర్డ్ వద్దనే ఉన్నాయి. 2025 ఆగస్టులో, తన ఎనభయ్యవ ఏట, ఆ పాత పాటలనే కొత్తగా పాడి "లెగసీ" అనే ఆల్బమ్‌గా విడుదల చేశాడు.