నడుము నొప్పికి విద్యుత్తు

విద్యుత్తు అనే పదార్థమొకటి ఉన్నదని ఎవరికీ తెలియని రోజుల్లోనే దానితో నొప్పి తగ్గించిన వైద్యులున్నారు. రోమక వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ క్రీ. శ. 47 ప్రాంతంలో వ్రాసిన గ్రంథంలో కాలివాతానికి ఒక చికిత్స చెప్పినాడు. రోగి అలలు తాకే తడి ఒడ్డున నిలబడి, బ్రతికివున్న నల్లని టార్పెడో చేపను పాదం క్రింద ఉంచుకోవలెను. మోకాలి దాక తిమ్మిరి ఎక్కేవరకు కాలు తీయరాదు. తిమ్మిరికి కారణం చేప పుట్టించే విద్యుత్తే. ఆ సంగతి రోగికి తెలియకపోయినా వచ్చిన లోటు లేదు.

తరువాత యంత్రాలు వచ్చి చేపకు పని తప్పించినవి. అయితే సకల రోగాలకూ విద్యుత్తే మందని చెప్పి అమ్మేవారు బయలుదేరడంతో వైద్యులు దానిని శంకించసాగారు. శంకించడం న్యాయమే.

1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి వార్తను సన్నని నాడీతంతువులు, స్పర్శ వార్తను లావుపాటివి వెన్నుపాముకు చేరవేస్తాయి. అక్కడ ద్వారం వంటి ఏర్పాటు ఉన్నది; స్పర్శ వార్తలు ముమ్మరమైతే అది నొప్పికి మూసుకొంటుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకొంటే హాయిగా ఉండడం ఇందువల్లనే కావచ్చు. 1967లో వాల్, స్వీట్ దీనిని ఎనిమిదిమంది రోగులపై పరీక్షించారు. రెండు నిమిషాలు నాడులకు విద్యుత్తు పంపితే, నలుగురికి అరగంటకు పైగా నొప్పి లేదు.

ఇక చర్మంపై అతికించే పలకలు, జేబులో పట్టే పెట్టె వచ్చినవి. దీనికే ‘టెన్స్’ అని పేరు. నడుము నొప్పివారు విరివిగా వాడారు. కాని నడుము నొప్పి తనంతట తానే హెచ్చుతూ తగ్గుతూ ఉండేది. గుణం పెట్టెదో, కాలానిదో, నమ్మకానిదో తేల్చేదెట్లా?

అమెరికాలో 145 మందిపై చేసి 1990లో ప్రకటించిన పరిశోధనలో కొందరికి నిజమైన పెట్టెలు, కొందరికి చూపునకు అట్లాగే ఉండి విద్యుత్తు రానివి ఇచ్చారు. నెల తరువాత నిజమైనవాటితో నొప్పి 47 శాతం, ఉత్తవాటితో 42 శాతం తగ్గింది. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదు. దీర్ఘకాలపు నడుము నొప్పికి టెన్స్‌ను వాడవద్దనే 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కూడ సూచించింది.

ఆ 145 మందిలో కొందరిచేత వ్యాయామం కూడ చేయించారు. వారికి నెలలో కొంత మేలు కనిపించింది. రెండు నెలలు గడిచేసరికి చాలమంది వ్యాయామం మానివేశారు. వచ్చిన మేలు కూడ పోయింది.