నడుమ నిలిచిన స్థాపన

కంప్యూటరులో క్రొత్త సాఫ్ట్‌వేరును స్థాపించుట ఒక్క క్షణములో ముగియు పని కాదు. ప్యాకేజీని విప్పవలెను, ఫైళ్ళను వాని వాని చోట్ల ఉంచవలెను, పిమ్మట వానిని ఆ యంత్రమునకు తగినట్లు సర్దుబాటు చేయవలెను. కర్నూలులోనో కడపలోనో ఒక కళాశాల ప్రయోగశాలలో ఈ పని సగములో ఉండగా కరెంటు పోయినదనుకొందము. పాత ఫైళ్ళు కొన్ని, క్రొత్తవి కొన్ని మిగిలిపోవును. తిరిగి కరెంటు వచ్చిన తరువాత, పని ఎక్కడ ఆగినదో తెలియుట ఎట్లు?

ఈ చిక్కును చక్కగా విప్పిన వారిలో డెబియన్ బృందము ఒకటి. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో డెబియన్‌ను ప్రకటించెను. దాని ప్యాకేజీలను నిర్వహించు డీపీకేజీ అను సాధనము 1994లో పుట్టినది. ఆ యేడే ఇయాన్ జాక్సన్ దాని ముఖ్యభాగమును సీ భాషలో తిరిగి వ్రాసెను.

డీపీకేజీ ఒక పట్టికను ఉంచుకొనును. అందులో ప్రతి ప్యాకేజీ ఎదుట 'సగము స్థాపితము', 'విప్పబడినది', 'సగము సర్దుబాటైనది', 'స్థాపితము' మొదలైన స్థితులలో ఒకటి వ్రాసి యుండును. కడప బండలు పరచు మేస్త్రీ సాయంకాలము పని ఆపునపుడు, ఎంతవరకు పరచినదీ, ఏ బండ క్రింద గచ్చు ఇంకను ఆరనిదీ గుర్తుంచుకొన్నచో, మరునాడు నేలనంతయు పెకలింప నక్కరలేదు గదా!

మరియొక జాగ్రత్త కలదు. డీపీకేజీ క్రొత్త ఫైలును పాతదానిపై నేరుగా వ్రాయదు. ప్రక్కనే తాత్కాలికమైన పేరుతో వ్రాసి, పూర్తియైన పిమ్మటనే పేరు మార్చును. పేరు మార్చుట ఒకే అడుగు. అందులో సగము ఉండదు. ఇక సర్దుబాటు ఆజ్ఞలను ఎన్నిసార్లు నడిపినను ఫలితము ఒక్కటే కావలెనని డెబియన్ నియమావళి శాసించును. అందుచేత 'కాన్ఫిగర్' అను ఆజ్ఞతో మిగిలిన సర్దుబాట్లన్నియు పూర్తి చేయవచ్చును. సగము విప్పిన ప్యాకేజీని మాత్రము మరల స్థాపించవలెను.

అయినను ఒక లోపము మిగిలినది. 2008 చివర లినక్సులో స్థిరరూపము పొందిన ఈఎక్స్‌టీ4 ఫైలు వ్యవస్థ, వేగము కొరకు సమాచారమును కొంతసేపు మెమొరీలోనే నిలుపును. పేరు మారి, సమాచారము డిస్కును చేరకముందే కరెంటు పోయినచో, పేరు మాత్రమే గల ఖాళీ ఫైళ్ళు మిగిలెడివి. పట్టిక చెప్పునదొకటి, డిస్కుపై ఉన్నదొకటి! 2010లో డీపీకేజీని సవరించిరి: సమాచారము డిస్కును చేరిన తరువాతనే పేరు మార్చవలెను. దీనివలన వేగము తగ్గినది, నమ్మకము పెరిగినది.

కాబట్టి ఆగిన పనిని చూచి అన్నియు చెరిపివేయుట తగదు. ముందు పట్టికను చదువవలెను. అది నిజము చెప్పుచున్నంతకాలము, పనిని ఆగినచోటి నుండియే సాగింపవచ్చును.