చెరగని ముగ్గు: అక్రిలిక్ రంగుల కథ



తెల్లవారకముందే లేచి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేసే ప్రతి ఇల్లాలూ చిత్రకారిణే. ఈ మాటంటే ఇంట్లో వాళ్లు నవ్వుతారు. ఎందుకంటే ఆ బొమ్మ పొద్దెక్కేసరికి ఉండదు. పిండిలో బంక లేదు కదా, గాలికి లేచిపోతుంది.

ఏ రంగుకైనా ముఖ్యమైన దినుసులు రెండే. ఒకటి రంగుపొడి, రెండోది దాన్ని పట్టి ఉంచే బంక. నీటిరంగుల్లో ఉండేది తుమ్మజాతి చెట్టు జిగురు. తైలవర్ణాల్లో అవిసె నూనె. పూర్వం కొన్ని దేశాల్లో కోడిగుడ్డు సొన కలిపేవారు. రంగుల చరిత్ర అంటే నిజానికి బంకల చరిత్రే!

మన ప్రాంతానికి చిత్రకళ కొత్తది కాదు. తెనాలి దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు (1914–1999) ఉండేవారు. చిత్రకళ గురించి తెలుగులో ఎన్నో వ్యాసాలు రాశారు, తామూ బొమ్మలు వేశారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే గారిది పొన్నూరు దగ్గర బ్రాహ్మణ కోడూరు. మరి మనకు వెంటనే గుర్తొచ్చే ఈ పేర్లు మగవారివే కావడం గమనించారా? ఆడవాళ్లకు చెయ్యి తిరగక కాదు. తైలవర్ణాలకు విడిగా ఒక గది కావాలి, టర్పెంటైన్ వాసన భరించాలి, ఒక్కొక్క పూత ఆరడానికి రోజులు పడుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన మనిషికి అంత తీరికెక్కడిది?

ఆ చిక్కు కొంత విడిపోయింది ఇరవయ్యో శతాబ్దంలోనే. జర్మనీలో ఆటో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1901లో అక్రిలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాల మీద పరిశోధన గ్రంథం సమర్పించాడు. ఆ విద్య మొదట అద్దంలాంటి ప్లాస్టిక్ పలకలకు, విమానాల కిటికీలకు పనికొచ్చింది. 1940ల చివర అమెరికాలో చిత్రకారుల కోసం అక్రిలిక్ రంగు చేశారు గాని, దాన్ని పలచన చెయ్యడానికి టర్పెంటైన్ వంటిదే కావలసి వచ్చేది. నీళ్లతో కలిసే రంగు 1955లో లిక్విటెక్స్ పేరుతో వచ్చింది. అంటే ‘మాయాబజార్’ నాటికి దాని వయసు రెండేళ్లే!

ఇది పని చేసే తీరు మనకు వంటింట్లో తెలిసిందే. పాలలో వెన్న కంటికి కనబడనంత సన్నటి బొట్లుగా తేలుతూ ఉంటుంది కదా! ఈ రంగులో ప్లాస్టిక్ కణాలు అలాగే నీళ్లలో తేలుతుంటాయి. నీరు ఆరిపోగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఆ పొర మళ్లీ నీళ్లలో కరగదు. పలచటి పూత పావుగంటలోనో అరగంటలోనో ఆరుతుంది. కాగితం, గుడ్డ, చెక్క, మట్టికుండ దేనిమీదైనా వెయ్యొచ్చు. నీళ్లు ఎక్కువ పోస్తే నీటిరంగులా పలచగా, చిక్కగా వేస్తే తైలవర్ణంలా దళసరిగా వస్తుంది.

తెనాలిలో గాని, బాపట్ల, రేపల్లెల్లో గాని జాకెట్టు గుడ్డల మీద పువ్వులు వేసిన అమ్మాయిలెందరో! ఆ ఫాబ్రిక్ రంగుల్లో చాలావరకు ఈ జాతివే. రేపల్లె నుంచి కృష్ణ దాటిపోతే పెడన వస్తుంది. అక్కడి కలంకారీలో రంగు నూలులోకే దిగుతుంది. ఇదేమో గుడ్డ మీద పొరగా కూర్చుంటుంది. అందుకే వేసిన తర్వాత ఒక రోజు ఆరనిచ్చి, తిరగేసి ఇస్త్రీ చేయాలి. మూడు రోజులదాకా ఉతక్కూడదు.

దీనికీ పేచీలున్నాయండోయ్! కుంచె కడగడం మరిచిపోతే కట్టెపుల్లే. ఆరాక రంగు కాస్త ముదురుతుంది, అది ముందే లెక్క వేసుకోవాలి. సూర్యలంక వైపు ఉప్పుగాలికి చెమ్మ పట్టిన గోడ మీద వేస్తే పొర లేచిపోతుంది. ఆయిల్ పెయింటు వేసిన తలుపైతే ముందు గరుకు కాగితంతో రుద్దాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ప్లాస్టిక్. కుంచెను ముందు పాత గుడ్డతో తుడిచి, తర్వాతే కడగండి. మిగిలిన రంగు కాలవలో పొయ్యకండి. ఆరనిచ్చి చెత్తలో వెయ్యండి.

మూడు నాలుగు సీసాలు, రెండు కుంచెలు, ఓ పాత పళ్లెం ఉంటే చాలు. పొద్దున మీరు వేసిన ముగ్గునే మధ్యాహ్నం ఓ అట్టముక్క మీద వేసి చూడండి. కుక్కర్ కూతకు లేచి వెళ్లినా, తిరిగొచ్చేసరికి ఆ పూత ఆరి రెండో పూతకు సిద్ధంగా ఉంటుంది. అంతా అయ్యాక అడుగున మీ పేరు రాయడం మాత్రం మరిచిపోకండి. వాకిట్లో ముగ్గు కింద మనమెవరమూ పేరు రాసుకోలేదు.