కమాను

పాత మహీంద్రా జీపు ఓ పక్కకు ఒరిగితే మెకానిక్ కింద పడుకుని చూసి చెప్పే మొదటి మాట: "కమాను కూర్చుందండీ." కమాన్ అంటే పారశీకంలో విల్లు. హైదరాబాదులో చార్‌కమాన్ దగ్గర అదే మాట తోరణమై నిలబడింది. జీపు కింద వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్ట అయింది. ఎంత చక్కని పోలికో! బరువు పడితే వంగుతుంది, తీస్తే మళ్లీ వంపుకు వస్తుంది. ఆ వంపు పోయిందంటే విల్లు పనైపోయినట్టే.

చదునైన నేలమీద బండి నిలిపి, చక్రం నడిమి నుంచి మడ్గార్డు అంచుకు రెండు పక్కలా టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే పట్టీలను బ్రష్షుతో తోమి చూడండి. వెంట్రుకంత గీతలో తుప్పు కనిపిస్తే అది పగులే. ఇరుసు వెనక్కో ముందుకో జరిగితే సెంటర్ బోల్టు తెగి ఉండొచ్చు.

ఎత్తు కోసం మందపాటి పట్టీ వేయించకండి. మందం రెట్టింపైతే ఆ పట్టీ బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. రాళ్ల దారిలో చక్రం నేలను వదిలేస్తుంది. కమాను విప్పిన ప్రతిసారీ యూ బోల్టులు కొత్తవే వేయించండి.