రోహిణి కార్తెలో రైతు బజారు: కాటా మన చేతికి ఎలా వచ్చింది

పోస్టు కొంచెం పెద్దది. పొద్దున పాలు పోసి వచ్చాక తీరిగ్గా చదవండి.

రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్ళు పగిలే ఎండలు. అయినా ఏడాది మొత్తంలో రైతు బజారు చూడబుద్ధేసేది ఈ రోజుల్లోనే. ఒక పక్క బంగినపల్లి, ఇంకో పక్క రసాలు. అప్పుడే గెల నుంచి కొట్టి తీస్తున్న తాటి ముంజలు, చింతచిగురు కుప్పలు, పచ్చటి దోసకాయలు, అక్కడక్కడా తొలి నేరేడు పళ్ళు. పప్పులోకి పుల్లమామిడి ఏరుకునేవాళ్ళు కొందరు, పండు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాళ్ళు కొందరు. సరుకు అయిపోయాక మనం కూడా పక్క దుకాణంలో అర డజను ముంజలు కట్టించుకుని ఇంటికి వస్తాం. పిల్లలు బొటనవేలితో పొడుచుకుని తింటుంటే చూడ్డం మనకో సంబరం.

చిన్న సంతోషమే. కానీ మన సరుకు మనమే తూచి, రేటు బోర్డు మీద చూసుకుని, చేతిలో డబ్బుతో ఇంటికి రావడం మన తాతలకి దొరకలేదు. దాని వెనక వందేళ్ళ కథ ఉంది.

అప్పట్లో వారానికో రోజు సంత. గాజులు, జీళ్ళు, కుండలు, కోళ్ళు, అన్నీ అక్కడే. సంత అంటే పండగ లాంటిదే. చిక్కంతా అమ్మేటప్పుడు వచ్చేది. తూకం వీశెల్లో, మణుగుల్లో. గింజలైతే మానికలు, కుంచాలు. మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. కానీ ఆ మణుగు ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా ఉండేది. ఇంటి దగ్గర తూచుకున్న సరుకు సంతకి వెళ్ళేసరికి తగ్గేది. దాని మీద తరుగు, కాటా కూలి, హమాలీ, దలాలీ, ధర్మం పేరుతో ఇంకొంత. బేరం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని జరిగేది. పశువుల సంతల్లో ఇప్పటికీ చూస్తుంటాం కదా, అలాగన్నమాట. సరుకు మనది, రేటు మాత్రం మనకి తెలియని వేళ్ళ భాష.

ఇది మన ఒక్క ప్రాంతం బాధ కాదు. దేశమంతా ఇదే. బేరారు పత్తి మార్కెట్లకి 1897లోనే చట్టం చేశారు. 1926లో వేసిన రాయల్ వ్యవసాయ కమిషన్ ఊళ్ళు తిరిగి, 1928లో ఇచ్చిన నివేదికలో ఈ తూకాల మోసాలు, అడ్డగోలు కోతలు అన్నీ రాసింది. నియంత్రిత మార్కెట్లు పెట్టాలని చెప్పింది. ఆ తరవాతే నిజాం రాజ్యంలో 1930లో హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం, మద్రాసు రాజధానిలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో కొలతల చట్టంతో వీశె, మణుగు పోయి కిలో వచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఒకే మార్కెట్ల చట్టం వచ్చింది. మన మార్కెట్ యార్డులు నడిచింది దాని కిందే.

ఇన్ని చట్టాలు వచ్చినా కూరగాయల రైతుకి పెద్దగా ఒరిగింది లేదు. ఎందుకో ఆలోచించండి. పత్తి రేటు నచ్చకపోతే నెల రోజులు ఇంట్లో పెట్టుకోవచ్చు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. బెండకాయ కోయకపోతే ముదిరిపోతుంది, కోస్తే మర్నాటికి వాడిపోతుంది. తోటకూర సంగతి చెప్పక్కర్లేదు, సాయంత్రానికే తల వాలుస్తుంది. పొద్దెక్కేకొద్దీ రేటు దిగుతుంది. ఆ సంగతి మనకంటే కొనేవాడికే బాగా తెలుసు. పైగా విత్తనాలకి, మందులకి ముందే దళారి దగ్గర డబ్బు తెచ్చుకుని ఉంటాం. ఇంక సరుకు వేరే చోటుకి ఎలా తీసుకెళ్తాం?

ఈ ముడి విప్పడానికే నేరుగా అమ్ముకునే బజార్లు వచ్చాయి. మొదట 1987లో పంజాబ్ వైపు 'అప్నీ మండీ' పెట్టారు. మన దగ్గర 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. అంతకు కొన్ని నెలల ముందే, 1998లో, ఉల్లి రేటు దేశమంతా కన్నీళ్ళు పెట్టించింది. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1999 నవంబరు 14న తమిళనాడులో, మదురైలో, 'ఉళవర్ సందై' తెరిచారు.

మన బజారులో కొత్తగా వచ్చినవి నాలుగు. ఒకటి, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు. అధికారులు పొలం చూసి, నిజంగా కూరగాయలు పండిస్తున్నాడని తేల్చుకున్నాకే ఇచ్చేవాళ్ళు. రెండు, రేట్ల బోర్డు. రోజూ పొద్దున్నే హోల్‌సేలు రేటు కంటే పైన, బయటి చిల్లర రేటు కంటే కింద ఉండేలా ధర కట్టి రాస్తారు. ఉదాహరణకి హోల్‌సేలులో ఇరవై, బయట బండి మీద నలభై ఉందనుకోండి, బోర్డు మీద ఆ రెండిటి మధ్యలో పడుతుంది. మనకీ మిగులుతుంది, కొనేవాళ్ళకీ మిగులుతుంది. మూడు, పల్లె నుంచి బుట్టలతో ఎక్కడానికి ఆర్టీసీ బస్సులు. నాలుగు, మన చేతికి కాటా. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఈ నాలుగోదే.

ఇంకో మేలు ఏ బోర్డు మీదా కనపడదు. తినేవాళ్ళతో మనకి మాటలు కలిశాయి. గుత్తివంకాయకి లేత చిన్న కాయ కావాలంటారని, ఆవకాయకి టెంక గట్టిపడిన పుల్లటి కాయే అడుగుతారని, గోంగూరలో ఎర్రకాడకే గిరాకీ అని ఎదురుగా కూర్చుని అమ్మితేనే తెలిసింది. దానిబట్టి మర్నాడు ఏం కోయాలో, వచ్చే కారుకి ఏం వేయాలో చూసుకున్నాం. ఇంటి ఆడవాళ్ళు కూర్చుని అమ్మిన చోట డబ్బు నేరుగా వాళ్ళ చేతికే వచ్చింది. యార్డులో పాట పాడితే ఈ రెండూ జరిగేవి కావు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ బజార్లనే విడదీసి మైదానాల్లోకి, స్కూలు గ్రౌండ్లలోకి మార్చారు. అంత కష్టంలోనూ ఊళ్ళకి కూరలు అందాయి.

అయితే ఇది శాశ్వతం అనుకోకండి. తమిళనాడులో 2001లో ప్రభుత్వం మారాక ఉళవర్ సందైలకి ఆదరణ తగ్గింది. మళ్ళీ 2006 తరవాతే ఊపిరి వచ్చింది. మన దగ్గర ముప్పు ఇంకో దారిలో వస్తోంది. కార్డు మన పేరున ఉంటుంది, గట్టు మీద కూర్చునేది ఇంకొకరు. హోల్‌సేలు సరుకు తెచ్చి రైతు పేరున అమ్మేవాళ్ళు ఉన్నారని అందరికీ తెలిసిందే. వాళ్ళని తిట్టే ముందు మన వైపు కూడా చూసుకుందాం. తెల్లవారుజామున లేవాలి, ఆటో కిరాయి పెట్టాలి, సరుకు చూస్తే ఇరవై కిలోలు, కూలి కూడా గిట్టదు. అందుకే కార్డు ఇంకొకరి చేతికి వెళ్తోంది. ఆ కష్టం అబద్ధం కాదు.

దానికి నాకు తోచింది ఒక్కటే. ఒకే ఊళ్ళో కార్డులున్న ముగ్గురు నలుగురు కలిసి ఒకే బండి కట్టుకోండి, కిరాయి పంచుకోండి. ఒకరు వంగ, ఒకరు బీర, ఒకరు ఆకుకూర వేసుకుంటే ఒకే సరుకు మీద పోటీ పడక్కర్లేదు. కార్డు ఉన్నవాళ్ళు వారానికి రెండు రోజులైనా తమ చోట తాము కూర్చోండి. రైతు లేని రైతు బజారుకి బోర్డు మీద పేరు తప్ప ఏమీ మిగలదు. అప్పుడు దాన్ని మూసేసినా మన తరఫున అడిగేవాడు ఉండడు.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడితే దుక్కులు మొదలవుతాయి, ఎవరికీ తీరిక ఉండదు. ఈలోపు మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. వాళ్ళ రోజుల్లో మీ ఊరి సంత ఏ వారం జరిగేది, మణుగుకి ఎంత తరుగు తీసేవాళ్ళు, బేరం ఎలా చేసేవాళ్ళు, అన్నీ అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు వాళ్ళకి కాసిని ముంజలు తీసుకెళ్ళండి. లేతవి చూసి మరీ కట్టించండి, పళ్ళు లేనివాళ్ళు కూడా తినగలుగుతారు.