తుపాకికి బదులు కెమెరా

1902 వ సంవత్సరమున వరంగల్లు ప్రాంతమందలి నెక్కొండ వద్ద తీయబడిన ఒక ఛాయాచిత్రము మిక్కిలి ప్రసిద్ధము. అందు వైస్రాయి కర్జను దంపతులు నిలిచియుందురు. వారి ముందు చచ్చిన పెద్దపులి పడియుండును. ఈ చిత్రము నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీన్‌దయాళ్ సంస్థవారిది. ఆ కాలపు వన్యమృగ చిత్రములు పెక్కు ఇట్టివే. వేట మోజు దీనికి ఒక కారణము. రెండవ కారణము కెమెరాలోనే కలదు. అది బరువైన పెట్టె, ముక్కాలిపై నిలుపవలెను. అడవి నీడలో వెలుతురు చాలదు. కదలు జీవి గాజుపలకపై మసకగా పడును. చచ్చిన పులి కదలదు!

సజీవ ప్రాణులను వాని నెలవులలోనే చిత్రించు ప్రయత్నములు ఇంగ్లండులో అప్పటికే ఆరంభమైనవి. రిచర్డు, చెర్రీ కియర్టన్ సోదరులు పక్షిగూళ్ళను గూర్చి 1895 లో ఒక గ్రంథమును ప్రకటించిరి. అందలి చిత్రములన్నియు ఆరుబయట తీసిన ఛాయాచిత్రములే. పక్షులు బెదరకుండుటకై వారు తరువాత బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాగి కూడ చిత్రములు తీసిరి. ఉత్తర భారతమున అటవీశాఖోద్యోగియగు ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ వేరొక ఉపాయము పన్నెను. పులులు నడచు బాటకు అడ్డముగా సన్నని తీగను అమర్చెను. రాత్రివేళ పులి కాలు తీగకు తగిలినంతనే మెగ్నీషియం పొడి భగ్గున మండును. పులి రూపము కెమెరాలో పడును. పులి తన చిత్రమును తానే తీసికొన్నదన్నమాట. ఈ చిత్రములతో ఆయన 1927 లో ఒక గ్రంథమును వెలువరించెను.

పక్షిశాస్త్రమున మాత్రము తుపాకి వెంటనే తొలగలేదు. 1931-32 లో సలీం ఆలీ హైదరాబాదు రాజ్యమందలి పక్షులను సర్వే చేసెను. నేడు సంగారెడ్డి జిల్లాలోనున్న నారాయణఖేడు అప్పుడు ఆ రాజ్యములోనిదే. పక్షిని కాల్చి, చర్మము నొలిచి, దూది కూరి, దొరికిన చోటును, తేదిని, ఆడదో మగదో యను సంగతిని చీటీపై వ్రాసి కట్టుట నాటి శాస్త్రీయ పద్ధతి. ఏ పక్షి ఏ కాలమున ఎచ్చట ఉండెడిదో నేడు మనకు తెలియుటకు ఆ చీటీలే ఆధారము. కాని ఒక జాతిలో కొలది పక్షులే మిగిలియున్నపుడు ఈ పద్ధతి పనికిరాదు.

కడప జిల్లాలోని కలివికోడి కథ ఇందుకు నిదర్శనము. ఈ పక్షిని 1848 లో జెర్డన్ అను సైనిక వైద్యుడు శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను. 1900 లో అనంతపురము సమీపమున కనబడిన పిదప దాని జాడ లేదు. అది అంతరించినదనియే పలువురు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకుచుండగా, 1986 జనవరిలో సిద్ధవటము సమీపమందలి రెడ్డిపల్లె వద్ద స్థానికుడొకడు రాత్రివేళ ఒక కలివికోడిని పట్టెను. ఎనుబదియైదేండ్లకు పైగా కనబడని పక్షి చేతికి దొరికినది. కొలది దినములలోనే మరణించినది.

దాని నెలవును కాపాడుటకు 1988 లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. పిమ్మట పరిశోధకులు పక్షిని ముట్టని పద్ధతి నవలంబించిరి. ముళ్ళపొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, స్వయముగా పనిచేయు కెమెరాలను అమర్చిరి. రాత్రి పక్షి నడచిపోవగా మట్టిపై అడుగుజాడయు, కెమెరాలో రూపమును నిలిచినవి. ఈ పరిశోధన 2002 లో ప్రకటితమైనది. ఛాంపియన్ తీగ చేసిన పనిని నేటి కెమెరాలలో దేహపు వేడిని, కదలికను పసిగట్టు సాధనము చేయుచున్నది. మండెడి పొడితో పనిలేదు. పక్షి తన దారిని తాను పోవును. సాక్ష్యము మనకు మిగులును.

ఈ పాఠము మంజీరా పరీవాహక ప్రాంతమగు నారాయణఖేడు విద్యార్థులకును పనికివచ్చును. ఒక జీవిని ఒక్కసారి చిత్రించిన చాలదు. ఋతువుతో దాని రూపము, నడవడి మారును. వానకాలమున మగ గిజిగాని తల పసుపువన్నె దాల్చును. అది గూడు అల్లును. ఆ కాలము గడచిన పిదప మగ, ఆడ పక్షులను గుర్తించుట కష్టము. వానలు వెనుకబట్టగా నెమలి పింఛము రాల్చును. శీతకాలమున తలపై రెండు నల్లపట్టెలు గల పెద్దబాతులు హిమాలయములను దాటి మంజీరా జలాశయములకు వచ్చును. వేసవిలో నీటి గుంటలు తరుగగా జంతువులన్నియు ఒకచోట చేరును, చిత్రించుట సులభమగును.

ఈ సులభములోనే అపాయము కూడ కలదు. నీటి చెంత మనము కూర్చున్నచో దప్పిగొన్న జంతువు దరికి రాదు. గూటికి మిక్కిలి దగ్గరకు పోయినచో తల్లి లేచిపోవును. గ్రుడ్లు ఎండకు చెడును, లేదా కాకుల పాలగును. తుపాకి లేకున్నను ప్రాణము పోవును. కావున దూరమున దాగియుండి చిత్రింపవలెను. పక్షి బెదరినచో వెనుకకు మరలవలెను. నేడు చేతిఫోనులో సైతము కెమెరా కలదు. తీసిన ప్రతి చిత్రమునకు తేది, చోటు, పరిసరములు తప్పక వ్రాసియుంచవలెను. సలీం ఆలీ నాటి చీటీ వంటిదే ఆ వ్రాత. అది లేని చిత్రము ముచ్చటకు మాత్రమే. ఉన్నచో ఏబదియేండ్ల పిదప నారాయణఖేడు చెరువులలో ఏ పక్షులు ఉండెడివో తెలుపు చరిత్ర.