తుపాకి ఎవరి ఒంటి కొలత?

క్రీడల చరిత్రను స్త్రీవాద దృష్టితో చదివేవాళ్ళం తరచుగా పరుగు, ఈత, టెన్నిస్‌ల దగ్గర ఆగిపోతాం. అక్కడ కండబలం మాట మనకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. "శరీరాలు వేరు కదా" అనగానే చర్చ ముగుస్తుంది. ఆ మాట అంత సులువుగా చెల్లని ఆట చిన్న కాలిబర్ రైఫిల్‌తో 50 మీటర్ల దూరానికి గురిపెట్టడం. స్త్రీలూ పురుషులూ ఒకే వరసలో నిలబడి కాల్చిన ఈ ఆటలో ఇద్దరినీ ఎందుకు విడదీశారన్నదే నా ప్రశ్న.

ముందు ఆ తుపాకి సంగతి చెప్పాలి. దాని గుండు వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. లక్ష్యం మధ్యలో పది పాయింట్ల వలయం నేటి కొలతలో 10.4 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తామంత. దాన్ని తాకడానికి బలం పనికిరాదు. బిగించి పట్టిన చెయ్యి వణుకుతుంది. బరువంతా ఎముకల మీద నిలవాలి, కండరం ఊరుకోవాలి. అందుకే ఈ రైఫిల్‌కి అన్ని మరలు. భుజానికి ఆనే మడమను చేతి పొడవును బట్టి ముందుకో వెనక్కో జరుపుతారు. చెంప ఆనించే చెక్కను ఎత్తో పల్లమో చేస్తారు. మెడ బిగించకుండా చెంప ఆనిస్తే చాలు, కన్ను వెనకవైపున్న సన్నటి రంధ్రం ఎదుటికి దానంతటదే రావాలి. పడుకుని కాల్చేటప్పుడు బరువు మోసేది చేతికి చుట్టిన పట్టీ. నిలబడి కాల్చేటప్పుడు పట్టీ వాడకూడదు, ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి. మోకాలి మీద కూర్చుంటే మళ్ళీ వేరే కొలతలు. అన్నీ అమిరాక కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, కళ్ళు తెరుస్తారు. గురి పక్కకి జరిగి ఉంటే చేతులతో తుపాకిని లాగకూడదు. ఒళ్ళంతా జరుపుకుని మళ్ళీ కుదురుకోవాలి.

(మన ప్రబంధ కవులు వందల పద్యాల్లో వర్ణించిన నడుమూ కటీ ఇక్కడ ఎవరి చూపు కోసమూ కాదు. మోచేతికి ఆనుగా పనిచేస్తాయి. సాహిత్య విద్యార్థినిగా నాకిది భలే నచ్చింది.)

ఇలా ఎవరి ఒంటికి వాళ్ళు అమర్చుకోగలిగిన తుపాకితో స్త్రీ ఏం చేయగలదో మార్గరెట్ మర్డాక్ చూపించింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఆమెది. 1967 పాన్ అమెరికన్ క్రీడల్లో మోకాలి భంగిమలో 391 పాయింట్లతో, అప్పటిదాకా పురుషుల పేర ఉన్న ప్రపంచ రికార్డును దాటింది. 1970లో ఫీనిక్స్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో పురుషులతో కలిసి పోటీపడి స్టాండర్డ్ రైఫిల్ స్వర్ణం గెలిచింది. అప్పుడామె నాలుగు నెలల గర్భిణి. మారిన ఆ శరీరంతోనే తూకం కుదుర్చుకుని నిలబడింది.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మూడు భంగిమల పోటీలో ఆమె, తన జట్టువాడే అయిన లానీ బాషమ్, ఇద్దరూ 1200కి 1162 సాధించారు. చివరి వరసల స్కోరు పోల్చి స్వర్ణం అతనికి, రజతం ఆమెకి ఇచ్చారు. జాతీయగీతం వినబడుతుండగా బాషమ్ ఆమెను చెయ్యిపట్టి పై మెట్టు మీదకి తీసుకున్నాడు. ఈ దృశ్యాన్ని పురుషుడి ఔదార్యం కథగానే ఎక్కువగా చెబుతారు. సమానమైన అంకె సంగతి ఆ కథలో వెనక్కి పోతుంది.

1984 లాస్ ఏంజెలెస్ నాటికి స్త్రీలకు వేరే రైఫిల్ పోటీలు వచ్చాయి. పురుషులు 120 గుళ్ళు కాల్చే మూడు భంగిమల పోటీలో స్త్రీలకు 60. తుపాకి బరువుకి చాలాకాలం పురుషులకు 8 కిలోలు, స్త్రీలకు 6.5 కిలోలు హద్దుగా ఉన్నాయి. అంతకంటే విచిత్రం, స్త్రీలకిచ్చిన స్టాండర్డ్ రైఫిల్‌కి మొదట్లో బొటనవేలి రంధ్రం, మడమ కొక్కెం, అరచేతి ఆను నిషేధం. శరీరం వేరన్నారు సరే, ఆ శరీరానికి తుపాకిని దగ్గర చేసే అమరికలనే ఎందుకు తీసేయాలి?

వేరుచేయడమంతా నష్టమేనని నేననను. కలిపి ఆడే రోజుల్లో జట్లలో స్త్రీలకు చోటే అరుదు. ప్రత్యేక పోటీ ఉంటే దేశాలు స్త్రీలను పంపక తప్పదు. 2010లో మ్యూనిక్‌లో 50 మీటర్ల పడుకుని కాల్చే పోటీలో తేజస్విని సావంత్ 600కి 597తో ప్రపంచ రికార్డును సమం చేసి స్వర్ణం గెలిచింది స్త్రీల విభాగంలోనే. ఆ దారి లేకపోతే కొల్హాపూర్ అమ్మాయి అంతదూరం వెళ్ళేదా అన్నది ఆలోచించాల్సిందే. నా పేచీ వేరే విభాగం పెట్టడంతో కాదు, దానితోపాటు స్త్రీకి సగం లెక్క కట్టడంతో.

ఆ సగం లెక్క 2018లో పోయింది. స్త్రీలకూ 120 గుళ్ళయ్యాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అలాగే కాల్చారు. 2024 పారిస్‌కి ఇద్దరికీ 60కి తగ్గించారు. ఒకప్పుడు ఆడవాళ్ళకి చాలన్న అంకె ఇప్పుడు మగవాళ్ళకీ సరిపోయింది. తేజస్విని గెలిచిన పడుకుని కాల్చే పోటీ మాత్రం ఒలింపిక్స్‌లో స్త్రీల విభాగంగా ఎన్నడూ లేదు. 2016 తర్వాత పురుషులకూ తీసేశారు.